సముద్రం లేని ఓరుగల్లు నుంచి ఓడ ప్రయాణం

విశాఖపట్నం ఓడరేవు గట్టుకు పదకొండు అంతస్తుల తెల్లని నౌక ఒకటి లావుపాటి మోకులతో కట్టి ఉంటుంది. దాని పక్కన నిలబడినవారికి మెడ వెనక్కి వంచితే తప్ప పైఅంతస్తు రెయిలింగ్ కనిపించదు. టెర్మినల్ లోపల చక్రాల పెట్టెలు లాగుతున్న కొత్త జంటలు, మోకాళ్ల నొప్పులతో వీల్‌చెయిర్ కోసం ఎదురుచూసే నానమ్మలు, ఈతకొలను ఎన్నో అంతస్తులో ఉందని అప్పటికే పదిసార్లు అడిగిన పిల్లలు, అందరి ఆధార్ కార్డులూ ఒక్క చేతిలో పట్టుకొని వరుసలో ముందుకు జరుగుతున్న ఇంటి పెద్దలు కలిసి రైల్వే ప్లాట్‌ఫాం సందడిని సృష్టిస్తారు గానీ, అక్కడి తనిఖీలు మాత్రం విమానాశ్రయాన్నే గుర్తు చేస్తాయి. సాయంత్రానికి మోకులు విప్పుతారు, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కకు తప్పుకుంటుంది, మరికాసేపటికి సెల్‌ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా మాయమవుతాయి.

గమ్యం చేరడం కంటే నౌకలో గడిపే కాలమే ప్రధానంగా సాగే ఈ విహారయాత్రను ప్రపంచమంతటా క్రూయిజ్ అంటారు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ నడిపే ‘ఎంప్రెస్’ నౌక విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ప్రయాణికులతో బయలుదేరినప్పటి నుంచీ, 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు రూ.96 కోట్ల వ్యయంతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన తర్వాత మరింతగా, తెలుగు మధ్యతరగతి ఇళ్లలో సెలవుల మాట వచ్చినప్పుడు ఊటీ, గోవా, కేరళల సరసన ఓడ పేరు కూడా వినిపిస్తోంది. సముద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, చెరువుల నడుమ పెరిగిన వరంగల్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. అయితే ఈ నగరానికి నీటి ప్రయాణం కేవలం కొత్త సరదా కాదు. దాని వెనుక ఒక ఘనమైన శాసనమూ, ఇంకా పచ్చిగానే ఉన్న ఒక గాయమూ ఉన్నాయి.

ఓడ మునిగినా సరుకు వర్తకుడిదే

కాకతీయుల రాజధాని ఓరుగల్లు లోతట్టు నగరమే అయినా, వారి రాజ్యానికి సముద్రద్వారం ప్రస్తుత బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు. గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ వేయించిన అభయశాసనం, అంటే వర్తకులకు భయం లేదని రాజు ఇచ్చిన రాతపూర్వకమైన హామీ, ఆనాటి సముద్రయానపు కష్టాన్ని సూటిగా చెబుతుంది: తుపానులో చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారనీ, ప్రాణాన్ని సైతం లెక్కచేయక సముద్రం దాటి వచ్చే వర్తకులపై దయతో ఇకపై కూపశుల్కం అనే రేవు సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలిపెడుతున్నామనీ దాని సారాంశం. ఆ సుంకం సరుకు విలువలో ముప్పయ్యో వంతు. గణపతిదేవుని తర్వాత రుద్రమదేవి పాలనాకాలపు ఈ రేవునే మార్కో పోలో ముత్ఫిలి పేరుతో వర్ణించాడని చరిత్రకారులు గుర్తించారు.

నీటిమీద ప్రయాణించేవారికి సుంకం ఎంత, ప్రమాదం జరిగితే ఎవరి బాధ్యత ఎంత అన్నది ముందుగానే రాతలో ఉండాలన్న ఆలోచన ఎనిమిది శతాబ్దాల క్రితమే ఓరుగల్లు పాలకులకు ఉందన్నమాట. టికెట్ వెనుక చిన్న అక్షరాలతో అచ్చయ్యే షరతులను చదవకుండా జేబులో పెట్టుకొనే నేటి ప్రయాణికుడి కంటే ఆనాటి వర్తకుడే ఈ విషయంలో జాగరూకుడని చెప్పక తప్పదు.

కచ్చులూరు నేర్పినది

వరంగల్ కుటుంబాలకు నీటి విహారమంటే చాలాకాలంగా తెలిసినది గోదావరి మీద పాపికొండల యాత్రే. 2019 సెప్టెంబర్ 15న తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటక బోటు మునిగినప్పుడు, దానిలో కాజీపేట మండలం కడిపికొండ గ్రామం నుంచి కలిసి వెళ్లిన 14 మంది ఉన్నారు. వారిలో ఐదుగురు మాత్రమే ప్రాణాలతో ఇల్లు చేరారు. బోటులో ఉన్న 77 మందిలో మొత్తం 26 మంది బయటపడ్డారు. వారిని కాపాడినవారిలో ముందున్నది చిన్న పడవలపై వచ్చిన ఒడ్డు గ్రామాల గిరిజనులు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఎన్నో ప్రయత్నాల తర్వాత అక్టోబర్ 22న గానీ ఆ బోటును నది గర్భం నుంచి వెలికితీయలేకపోయింది.

ఆనాటి ప్రమాదం తుపానులాగా చెప్పకుండా వచ్చినది కాదు. గోదావరిలో దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహిస్తోంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు. నది కొండల మధ్య ఇరుకై, మలుపు తిరిగే కచ్చులూరు మందం వద్ద సుడులు ఉంటాయన్నది అక్కడి పడవవారందరికీ తెలిసిన విషయమే. అంత ప్రవాహంలో పర్యాటక బోటు కదలనే కూడదు, కదిలింది. భోజనాల వేళ, ఉక్కపోతకు తాళలేక, చాలామంది లైఫ్ జాకెట్లు విప్పి పక్కన పెట్టారని బయటపడినవారు చెప్పారు. అంతకుముందు 2017 నవంబరులో కృష్ణానదిపై ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద, 2018 మేలో గోదావరిపైనే మంటూరు సమీపంలో జరిగిన ప్రమాదాలు కూడా అప్పటికి పాతబడిన జ్ఞాపకాలేమీ కావు. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖ్యమైన బోటు రేవుల వద్ద తొమ్మిది నియంత్రణ కేంద్రాలను ఏర్పాటు చేసి, అనుమతులనూ ప్రయాణికుల జాబితాలనూ వాటి పర్యవేక్షణలోకి తెచ్చింది.

కాబట్టి వరంగల్ నుంచి బయలుదేరే కుటుంబం రేవులో నాలుగు ప్రశ్నలు అడగడాన్ని అనుమానించే స్వభావంగా ఎవరూ భావించనక్కరలేదు: ఈ రోజు నదిలో వరద ఎంత, బోటుకు ఈ సీజన్ అనుమతి ఉందా, ఎక్కినవారందరి పేర్లూ జాబితాలో రాశారా, పిల్లల కొలతకు సరిపడే జాకెట్లు ఉన్నాయా. సమాధానం చెప్పడానికి విసుక్కొనే బోటును వదిలేయడమే మంచిది. ‘ఇంత దూరం వచ్చి వెనక్కి పోతామా’ అన్న మాట బంధువుల గుంపులో తప్పక ఒకరి నోట వస్తుంది. ఆ మాటకు లొంగని పెద్ద ఒకరు గుంపులో ఉండటం అవసరం.

■ జాకెట్ వేసుకోవడం ఎలా
లైఫ్ జాకెట్ భుజాలపై వేలాడితే ప్రయోజనం లేదు. కట్లు అన్నీ బిగించిన తర్వాత భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే అది గడ్డం దాటి రాకూడదు. పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగితే నీటిలో పడినప్పుడు పిల్లలు కిందికి జారిపోతారు. చీర కట్టుకున్నవారు కొంగును జాకెట్ లోపలే బిగించుకోవాలి. భోజనం చేసేటప్పుడూ, ఫొటోలు దిగేటప్పుడూ కూడా దీన్ని విప్పకూడదు.

ముందు నది, తర్వాత సముద్రం

నీటిమీద ఎన్నడూ ఒక రోజు గడపనివారు ఒకేసారి మూడు రాత్రుల సముద్ర ప్రయాణానికి డబ్బు కట్టడం కంటే, దగ్గరి నీటితో మొదలుపెట్టడం వివేకం. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆలయం పక్కనున్న రామప్ప చెరువు కాకతీయుల కాలపు జలాశయాలే. అక్కడ అరగంట బోటులో తిరిగితే ఎవరికి తల తిరుగుతుందో, ఎవరికి నీటి భయం ఉందో కుటుంబానికి తెలిసిపోతుంది. ఆ తర్వాతి మెట్టు పాపికొండలు. భద్రాచలం మీదుగా వెళ్లేవారు పోచవరం రేవులో బోటు ఎక్కుతారు. రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవారు, పోలవరం వద్ద కాఫర్ డ్యాం, అంటే ప్రధాన ఆనకట్ట పనులకు రక్షణగా నదికి అడ్డంగా కట్టిన తాత్కాలిక గట్టు, వచ్చిన తర్వాత గండిపోచమ్మ ఆలయం దగ్గర ఎక్కుతున్నారు. ప్రాజెక్టులో పూర్తి నీటిమట్టమైన 45.72 మీటర్ల వరకు నీరు నిలిస్తే ఈ ఒడ్డు ఊళ్లలో చాలావరకు మునుగుతాయి గనుక, పేరంటాలపల్లి ఆశ్రమాన్నీ ఆ గట్లనూ చూడదలచినవారు వాయిదాలు వేయకుండా, అయితే వరద తగ్గిన నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, వెళ్లిరావడం మంచిది.

కృష్ణానదిపై నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం ఆనకట్ట దిగువనున్న లింగాలగట్టు వరకు తెలంగాణ పర్యాటక సంస్థ నడిపే లాంచీ యాత్ర సుమారు 110 కిలోమీటర్లు. నల్లమల కొండల మధ్య ఐదారు గంటలపాటు సాగే ఈ ప్రయాణం నిజానికి క్రూయిజ్ అనే మాటకు తెలుగు నేలపై అన్నిటికంటే దగ్గరగా ఉన్నది. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. జలాశయం బాగా నిండిన నెలల్లోనే లాంచీ అంత దూరం పోగలదు గనుక, ఇందులో తేదీని నిర్ణయించేది క్యాలెండర్ కాదు, ఎగువన కురిసిన వాన. సెలవు ముందే పెట్టుకొని తర్వాత లాంచీ కోసం వెతికేవారికి నిరాశ తప్పదు. నీరు తక్కువగా ఉన్న కాలంలో నాగార్జునకొండ ద్వీపంలోని ప్రదర్శనశాల వరకు వెళ్లివచ్చే చిన్న యాత్రతో తృప్తి పడవచ్చు.

టికెట్ ధర అసలు ఖర్చు కాదు

సముద్ర క్రూయిజ్ ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ధర సాధారణంగా ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన ఒక్కొక్కరికి వేసినది. ఒంటరిగా వెళ్లేవారు దాదాపు ఇద్దరి ధర భరించవలసి రావచ్చు. అదే గదిలో మూడవ, నాలుగవ వ్యక్తికి తరచుగా తక్కువ పడుతుంది కాబట్టి పిల్లలున్న కుటుంబాలకు ఇది లాభం. ఈ ధరకు రేవు రుసుములు, జీఎస్టీ, సిబ్బందికి ఇచ్చే సేవా రుసుము తర్వాత కలుస్తాయి. ప్రధాన భోజనశాలల్లో తిండి, ఈతకొలను, సాయంకాలపు ప్రదర్శనలు టికెట్‌లో ఉంటాయి. మద్యం, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా, ఇంటర్నెట్, రేవుల్లో దిగి చూసే యాత్రలు, నౌక ఫొటోగ్రాఫర్ తీసిన చిత్రాలు ఉండవు. నౌకలో నగదు చేతులు మారదు. గది తాళంగా పనిచేసే కార్డుకే ఖర్చంతా జమ అవుతుంది. చేతిలోంచి నోటు పోవడం లేదు గనుక ఖర్చు తెలియకపోవడమే ఈ ఏర్పాటులోని చమత్కారం; రోజుకు ఒకసారి రిసెప్షన్‌లో లెక్క అడిగి తెలుసుకొనే కుటుంబానికి చివరి ఉదయాన గుండె జారదు.

గదులు ప్రధానంగా మూడు రకాలు: కిటికీ లేని లోపలి గది, తెరవడానికి వీలులేని గాజు కిటికీ గల గది, బయట కూర్చొనే చోటున్న బాల్కనీ గది. మూడు రాత్రుల ప్రయాణంలో, అందునా వర్షాకాలపు బంగాళాఖాతంలో, బాల్కనీకి అదనంగా పెట్టే సొమ్ము చాలావరకు వృథా. పగలంతా పై అంతస్తుల్లోనే గడుస్తుంది, గదికి వచ్చేది నిద్రకే. ఆ తేడాతో బయలుదేరే ముందు రోజు విశాఖలో మంచి హోటల్ గది తీసుకోవడం ఎన్నో రెట్లు ఉపయోగకరం. అయితే నడవలేని పెద్దలు వెంట ఉంటే లెక్క మారుతుంది: వారికి సముద్రం చూపించే చోటు గదిలోనే ఉండాలి, లిఫ్టు దగ్గరలో ఉండాలి.

గది రకం కంటే గది ఉన్న చోటు ముఖ్యం. అలల మీద నౌక ముందువెనుకలుగా ఊగుతుంది, పక్కలకూ ఒరుగుతుంది. ఈ రెండు కదలికలూ నౌక నడుమ భాగంలో, కింది అంతస్తుల్లో అతి తక్కువగా ఉంటాయి. చవకగా వచ్చిందని ముక్కు భాగంలో పై అంతస్తు గది తీసుకున్నవారికి కదలిక ఎక్కువగా తెలుస్తుంది. ఊగే నౌకలో చెవి లోపలి సమతౌల్య భాగం కదులుతున్నామని చెబుతుంటే, నిశ్చలంగా కనిపించే గది గోడను చూస్తున్న కన్ను కదలడం లేదని చెబుతుంది. ఈ రెండు సమాచారాల మధ్య మెదడు తికమకపడటమే సముద్రపు వికారానికి కారణం. అందుకే వికారం మొదలైనవారు గదిలో ముడుచుకొని పడుకోవడం కంటే బయటి డెక్ మీదకు వచ్చి, దూరంగా ఆకాశమూ నీరూ కలిసే గీతను చూస్తూ ఉంటే తేరుకుంటారు. ఖాళీ కడుపూ, నూనె నిండిన కడుపూ రెండూ చేటే. అల్లం ముక్క కొందరికి పనిచేస్తుంది. మాత్రలు వికారం మొదలయ్యాక కాక ముందే వేసుకోవలసినవి గనుక, బీపీ, షుగర్ మందులు వాడేవారు వరంగల్‌లోనే తమ డాక్టరును అడిగి తీసుకోవడం అవసరం.

■ ఎంప్రెస్ నౌక గురించి
1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో తొలిసారి ప్రయాణికులను ఎక్కించుకున్న ఈ నౌక పొడవు సుమారు 211 మీటర్లు, గదులు 796. దీని పరిమాణం సుమారు 48,500 గ్రాస్ టన్నులు అని చెబుతారు. గ్రాస్ టన్ను బరువును కాక నౌక లోపలి మొత్తం చోటును లెక్కించే కొలత. నేటి అతిపెద్ద విహార నౌకలు రెండు లక్షల గ్రాస్ టన్నులు దాటాయి.

ఏ నెల, ఏ రేవు

నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం పశ్చిమ తీరంలో ఉధృతంగా ఉంటుంది గనుక, ముంబయి నుంచి తిరిగే నౌక ఆ నెలల్లో తూర్పు తీరానికి రావడం జరిగింది. విశాఖ వాసులకు ఓడ కనిపించినది ఎండాకాలపు సెలవుల్లో కాక జూన్ తర్వాత కావడానికి ఇదొక కారణం. బడి తెరిచాక వచ్చే ఓడ కోసం పిల్లల చదువును ఎలా సర్దుకోవాలన్నది తల్లిదండ్రుల తలనొప్పి. బంగాళాఖాతంలో తుపానుల ముప్పు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఎక్కువ. నీరు నెమ్మదిగా ఉండే కాలం జనవరి నుంచి మార్చి వరకు, ఆ రోజుల్లో తూర్పు తీరంలో ఓడ దొరికితే అదే ఉత్తమం.

ప్రకటించిన రేవులన్నిటిలోనూ నౌక ఆగి తీరుతుందన్న హామీ ప్రపంచంలో ఏ కంపెనీ ఇవ్వదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి వెళ్లిన నౌకకు, అందులోని క్యాసినో పట్ల వ్యతిరేకత నడుమ, పుదుచ్చేరిలో ప్రయాణికులను దించే అనుమతి దొరకలేదు. వాతావరణం, రేవు అనుమతులు, సాంకేతిక కారణాలతో దారి మార్చే హక్కు కంపెనీలు షరతుల్లో రాసుకుంటాయి. పుదుచ్చేరి చూడటమే అసలు కోరికైనవారు రైలులో వెళ్లాలి. నౌక ఎక్కేవారు నౌక కోసమే ఎక్కాలి.

దేశీయ యాత్రకు ప్రభుత్వ గుర్తింపు కార్డు సరిపోతుంది. సింగపూర్ నుంచి మలేసియా వైపు తిరిగే నౌకలను ఎంచుకొనేవారు మాత్రం, సింగపూర్‌ను వదిలి మళ్లీ అక్కడికే వస్తారు గనుక, ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే చెల్లే వీసాతో ఇబ్బంది పడతారు. పలుమార్లు ప్రవేశించే వీసా ఉండాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది: డాలస్ తెలుగు కుటుంబాలకు దగ్గరైన గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు వెళ్లే నౌక ఎక్కితే దేశం దాటినట్లే లెక్క.

ఓడలో తెలుగు కడుపు

భారతీయ నౌకల్లో శాకాహారం, జైన భోజనం పుష్కలంగా దొరుకుతాయి. గోంగూర పచ్చడి, సర్వపిండి దొరకవు. ఇంటి నుంచి సకినాలూ ఆవకాయ జాడీ పట్టుకెళ్లాలనుకొనేవారు కంపెనీ నియమాలను ముందే చూసుకోవాలి. ఇంట్లో వండిన తిండిని చాలా నౌకలు లోపలికి అనుమతించవు, విదేశీ రేవుల్లో దించనే దించనివ్వరు. పసిపిల్లల ఆహారానికీ, వైద్య కారణాలకూ మినహాయింపు ఉంటుంది. అగ్నిప్రమాద భయంతో ఇస్త్రీపెట్టె, కొవ్వొత్తి, అగరుబత్తి వంటివి కూడా నిషిద్ధం. నిత్యపూజ మానని పెద్దలకు ఈ సంగతి ఇంట్లోనే చెప్పి ఒప్పించడం మేలు. బఫే దగ్గర మొదటి రాత్రి అన్నీ వడ్డించుకొని మర్నాడు పగలంతా పడకెక్కేవారు ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తారు. వేల మంది ఒకే చోట తినే నౌకలో కడుపు జబ్బులు త్వరగా పాకుతాయి. నోరోవైరస్ అనే వాంతుల క్రిమిపై శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బుతో చేతులు కడగడమే సరైన రక్షణ.

పెద్ద సామాను సిబ్బంది చేతుల మీదుగా గదికి చేరడానికి సాయంత్రం కావచ్చు గనుక, మందులు, కళ్లద్దాలు, ఈత దుస్తులు, గుర్తింపు కార్డులు చేతి సంచిలోనే ఉండాలి. మొబైల్ డేటాను రేవు వదలకముందే ఆపేయాలి; నడిసముద్రంలో ఉపగ్రహం ద్వారా తనంతట తానే కలిసే రోమింగ్ బిల్లు భారీగా ఉంటుంది.

ఎక్కిన కొద్దిసేపటికే మోగే గంట, ప్రయాణికులందరినీ ఒక నిర్దిష్ట స్థలానికి పిలిచి ప్రమాదవేళ ఏం చేయాలో చూపించే మస్టర్ డ్రిల్, చాలామందికి విసుగు పుట్టిస్తుంది. 1912లో టైటానిక్ మునక తర్వాత 1914లో మొదలైన సోలాస్ అనే అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం నౌకల భద్రతకు పునాది. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగి 32 మంది చనిపోయిన తర్వాత, నౌక కదలక ముందే లేదా కదిలిన వెంటనే ఈ డ్రిల్ జరగాలన్న నియమం వచ్చింది. కడిపికొండ ఉన్న జిల్లా నుంచి వెళ్లేవారు ఈ ఇరవై నిమిషాలను సెల్ఫీల కోసం వదులుకోరాదు.

వెళ్లడం, తిరిగి రావడం

నౌక ఎవరి కోసమూ ఆగదు. అందుకే వరంగల్ నుంచి ముందు రోజే విశాఖ చేరడం తప్పనిసరి. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ వరంగల్‌లో ఆగి రాత్రికి విశాఖ చేరుస్తుంది. పాతకాలపు గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారేసరికి చేరుస్తుంది గానీ, ఆలస్యమైతే ఆ రోజు టెర్మినల్‌కు పరుగు తప్పదు. చివరి రాత్రి పెట్టెలను గది బయట ఉంచాలి గనుక ఉదయానికి కావలసిన దుస్తులను వేరుగా పెట్టుకోవాలి. ఆ జ్ఞాపకం లేక రాత్రి దుస్తులతోనే రేవులో దిగేవారు లేకపోలేదు. దిగడానికి వంతులవారీగా పిలుస్తారు, ఒక్కోసారి మధ్యాహ్నం వరకు పట్టవచ్చు. కాబట్టి విశాఖలో దిగేవారు తెల్లవారుజామునే బయలుదేరే వందేభారత్‌ను నమ్ముకోకుండా సాయంత్రపు రైలుకు రిజర్వేషన్ చేసుకోవాలి. యాత్ర చెన్నైలో ముగిస్తే, అక్కడి నుంచి సాయంత్రం బయలుదేరే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది; పండుగల సీజన్లో దానిలో బెర్తు దొరకడం ఓడలో గది దొరకడం కంటే కష్టం కాబట్టి, రెండు టికెట్లూ ఒకే రోజు కొనడం మంచిది.